చూసీ చూడనట్టు

ఫిబ్రవరి 6

అమ్మాయీ,

నువ్వు ఇల్లు వదిలి వెళ్లి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. నీ పాత కాలేజీలో అడిగితే ఈ అడ్రసు ఇచ్చారు. ఎందుకు వెళ్లావని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఎప్పుడొస్తావని కూడా అడగను. నాకు కావలసింది వేరే.

అట్ట మీద టోపీ పెట్టుకుని ఉంటుందే, ఆ టోపీ పిల్ల కథ సగంలో ఆపేసి వెళ్లావు. జమీందారు ఇంట్లో విందు జరుగుతోంది. పదిమంది ముందు ఆయనేదో అంటే, ఆ పిల్ల "అది నిజం కాదండీ" అంది. బల్ల చుట్టూ అందరూ చెంచాలు కింద పెట్టేశారు. సరిగ్గా అక్కడ పుస్తకం మూసి "మిగతాది రేపు" అన్నావు. ఆ రేపు రాలేదు.

నాలుగేళ్లుగా కాలేజీ నుంచి రాగానే కాఫీ కప్పు పక్కన పెట్టుకుని ఆ పాత ఇంగ్లీషు నవలలన్నీ తెలుగులో చెప్పి నన్ను పాడుచేశావు. ఇప్పుడు సాయంత్రం అయిదయ్యేసరికి నాకు కాలూ చెయ్యీ ఆడదు. టీవీలో సీరియల్ పెట్టుకుంటే అందులో ఆడవాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకుంటూనే ఉంటారు. నీ నవలల్లో వాళ్లు "మీ ఆరోగ్యం కులాసాయేనా" అంటూనే గొంతు కోస్తారు. నాకు అదే బాగుంది. పోనీ నేనే చదువుకుందామంటే, ముప్ఫై నాలుగేళ్లు వార్డుల్లో నర్సుగా తిరిగి నేర్చుకున్న ఇంగ్లీషంతా మందుల పేర్లూ రోగాల పేర్లూనాయె.

నా మోకాలు అలాగే ఉంది. ఎక్కేటప్పుడు బాగానే ఉంటుంది, దిగేటప్పుడే ప్రాణం తీస్తుంది. కింద వాటాలో టైలరమ్మ రోజూ నీ గురించి అడుగుతోంది. కాలేజీ పని మీద వెళ్లిందని చెప్పాను. ఆవిడ నమ్మలేదు, నేనూ నమ్మించడానికి ప్రయత్నించలేదు.

చెంచాలు కింద పెట్టాక ఏమైందో రాయి.

అత్తయ్య

ఫిబ్రవరి 13

అత్తయ్యగారికి,

నమస్కారం. మీ ఉత్తరం నాలుగు రోజుల క్రితమే అందింది. నిజం చెప్పాలంటే, మీ అబ్బాయి రాయించారేమోనని అనుమానపడ్డాను. మళ్లీ చదివాను. ఆయన రాయించి ఉంటే మోకాలి గురించి ఇంత ఉండదనిపించింది. క్షమించండి.

ఇక్కడి కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరిపోయాను. వర్కింగ్ ఉమెన్స్ హాస్టల్లో రెండో అంతస్తు గది. ఒక మంచం, ఒక బల్ల, మూసుకోని కిటికీ. కిటికీ సందులో పాత ప్రశ్నపత్రం మడిచి పెట్టాను. పక్క గదిలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఉంది. మీ మోకాలి సంగతి చెప్తే, మెట్లు దిగేటప్పుడు నొప్పున్న కాలు ముందు వెయ్యమంది.

ఇక కథ. జమీందారు చిరునవ్వు నవ్వి "మీరు నన్ను సరిదిద్దినందుకు ఎంతో కృతజ్ఞుణ్ణి" అన్నాడు. మర్నాటి ఉదయం చర్చి గేటు దగ్గర ఆమె ఎదురైంది. తల వంచి పలకరించింది. ఆయన ఆమె ముఖంలోకి చూశాడు, గోడని చూసినట్టు చూసి ముందుకి వెళ్లిపోయాడు.

ఆ రోజుల్లో వాళ్లలో అదొక పద్ధతి, అత్తయ్యా. పెద్దమనిషి అనేవాడు ఆడదాన్ని తిట్టకూడదు, గొంతు పెంచకూడదు. కోపం తీర్చుకోవాలంటే నలుగురూ చూస్తుండగా ఆమె అక్కడ లేనట్టు దాటిపోతే చాలు. ఊళ్లో పెద్దవాడు ఒకడు అలా చేస్తే మిగతావాళ్లూ అదే చేస్తారు. వారం తిరిగేసరికి ఆ పిల్లని పలకరించే ఇల్లు లేదు. అయినా మర్యాద ఎక్కడా తప్పలేదు కాబట్టి ఆయన్ని తప్పు పట్టడానికి ఎవరికీ ఏమీ దొరకదు.

ఇంతే చెప్పగలిగాను. రేపు పరీక్షల డ్యూటీ ఉంది.

మీ కోడలు

ఫిబ్రవరి 21

అమ్మాయీ,

ఫిజియోథెరపీ పిల్ల చెప్పిందే నేను ఎంతమంది రోగులకి చెప్పానో లెక్కలేదు. నాకు మాత్రం గుర్తు రాలేదు చూడు. ఇప్పుడు అలాగే దిగుతున్నాను, కాస్త నయం.

కథ చదివి నాకు ఒళ్లు మండింది. ఒకటి అడుగుతాను. ఈ నవలల్లో ఆడపిల్లలకి పనీపాటా ఉండదా? పొద్దున లేస్తే ఒకళ్లింటికి వెళ్లి పావుగంట కూర్చోవడం, మర్నాడు వాళ్లు వచ్చి పావుగంట కూర్చోవడం. ఒక్కదాన్నైనా మా వార్డులో వారం రోజులు వేసి ఉంటే, ఎవరు పలకరించారో ఎవరు పలకరించలేదో గుర్తుండేది కాదు.

రెండోది. ఆ పిల్ల విందులో ఊరుకుని ఉంటే పోయేది కదా. పదిమంది ముందు మగవాడి మాట తప్పంటే ఊరుకుంటాడా? ఒంటరిగా ఉన్నప్పుడు మెల్లగా చెప్పుకోవాల్సింది. నా మటుకు నేనైతే అలాగే చేసేదాన్ని.

మావాడు బాగానే ఉన్నాడు. మొన్న ఆఫీసు వాళ్లు భోజనానికి వస్తే ఒక్కొక్కళ్లకీ కుర్చీ లాగి వేశాడు. వెళ్తూ వెళ్తూ వాళ్ల ఆఫీసరు "మీ అబ్బాయంత మర్యాదస్తుణ్ణి నేను చూడలేదమ్మా" అన్నాడు. నువ్వు లేవేమని అడిగితే "ట్రైనింగులో ఉంది" అన్నాడు మావాడు. గొంతులో తడబాటే లేదు.

తర్వాత ఏమైంది?

అత్తయ్య

మార్చి 2

అత్తయ్యగారికి,

ఊరుకుని ఉంటే పోయేది అని రాశారు. మీ ఉద్దేశం అర్థమైంది.

కిందటి ఆగస్టు ఇరవై ఎనిమిదిన మన హాల్లో, ఆయన స్నేహితుల ముందు, మా పెళ్లి ఏ సంవత్సరంలో అయిందో ఆయన తప్పు చెప్తే నేను నవ్వుతూ సరిచేశాను. అంతే నేను చేసిన నేరం. ఆ రోజు నుంచి నేను వచ్చేసిన రోజు వరకూ ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను గదిలోకి వెళ్తే దీపం ఆర్పి బయటికి వెళ్లేవారు. నాకు జ్వరం వచ్చినప్పుడు కూడా అంతే. నాలుగున్నర నెలలు. ఆ ఇంట్లో మీరూ ఉన్నారు. నేను మీకు వేరే చెప్పక్కర్లేదు.

విడాకులకి కాగితాలు వేశాను. ఈ వారంలో ఆయనకి నోటీసు అందుతుంది. మీకు ఇంకొకరి ద్వారా తెలియడం ఇష్టం లేక రాస్తున్నాను.

టోపీ పిల్ల ఆ ఊళ్లో ఉండలేకపోయింది. దూరపు ఊళ్లో ఎవరి పిల్లలకో చదువు చెప్పే పని చూసుకుని, పెట్టె సర్దుకుని బండి ఎక్కింది. కథ అయిపోయింది.

సెలవు.

మార్చి 27

అమ్మాయీ,

నోటీసు వచ్చింది. మావాడు చదివి, మడత పెట్టి, సొరుగులో పెట్టి, ఆఫీసుకి వెళ్లాడు. దాని గురించి ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

నీ మీద నాకు కోపంగా ఉంది. దేనికో చెప్తాను.

కథ అయిపోయిందని నువ్వు రాస్తే నాకు నమ్మకం కుదరలేదు. పుస్తకం నా బల్ల మీద ఉన్నప్పుడు నేను చూశాను, నువ్వు గుర్తు పెట్టిన చోటు సరిగ్గా నడిమధ్య. దాని పేరు నాకు తెలుసు కనక వీధి చివర లైబ్రరీకి వెళ్లాను. లైబ్రరీ అమ్మాయి పాపం భోజనం మానుకుని రెండు మధ్యాహ్నాలు కూర్చుని నాకు మిగతాదంతా చెప్పింది. చివర్లో జమీందారు ఆ ఊరు వెతుక్కుంటూ వచ్చాడట, టోపీ చేత్తో పట్టుకుని క్షమించమన్నాడట, ఆ పిల్ల ఏడ్చి పెళ్లి చేసుకుందట! నూట ఎనభై పేజీలు మింగేసి నాకు కథ అయిపోయిందని రాస్తావా?

ఎందుకు దాచావో ఇంటికొచ్చేసరికి అర్థమైంది. "చూశావా, ఆ పిల్ల సర్దుకుపోయింది, నువ్వూ సర్దుకుపో" అంటాననుకున్నావు. నన్ను అంత తేలిగ్గా అంచనా వేశావన్నమాట.

ఆ ముగింపు నాకు నచ్చలేదు. అన్నాళ్లు కంటి ముందున్న మనిషిని చూడనివాడు ఒక్క పేజీలో చూడటం నేర్చుకుంటాడా? పదిహేను రోజుల గాయానికే నెల రోజులు కట్టు కడతాం.

ఇంకొకటి. ఆ పిల్ల వాళ్ల పిన్నిగారింట్లో ఉండేది కదా. ఆ పిన్నిగారు విందులోనూ ఉంది, చర్చి గేటు దగ్గరా ఉంది, ప్రతి అధ్యాయంలోనూ మూల కుర్చీలో కూర్చుని ఊలు అల్లుతూనే ఉంది. అన్నీ చూసింది. పుస్తకం మొత్తంలో ఎవరూ ఆవిణ్ణి ఒక్క ప్రశ్న కూడా అడగలేదేం? లైబ్రరీ అమ్మాయిని అడిగితే "ఆవిడ ముఖ్యమైన పాత్ర కాదండీ" అంది.

అత్తయ్య

ఏప్రిల్ 5

అత్తయ్యా,

అవును, భయపడే దాచాను. చివరి పేజీ చెప్తే మీరు దాన్ని పట్టుకుంటారని అనుకున్నాను. మీరు లైబ్రరీకి నడుచుకుంటూ వెళ్లి కనుక్కుంటారని మాత్రం అనుకోలేదు. ఉత్తరం చదివి చాలా రోజుల తర్వాత నవ్వాను. తర్వాత సిగ్గేసింది.

కేసు సంగతి రాస్తాను, మీకు ఇష్టం లేకపోతే ఈ పేరా వదిలేయండి. మా లాయరుగారు యాభై ఏళ్లావిడ. నేను చెప్పిందంతా రాసుకుని పెన్ను పక్కన పెట్టారు. "కొట్టలేదు, తాగడు, ఇంకో ఆడమనిషి లేదు. ఇంట్లో మాట్లాడలేదు అంటే ఎలా రుజువు చేస్తామమ్మా? మాట్లాడకపోవడాన్ని విన్నవాళ్లెవరు?" అన్నారు. ఆయన తరఫువాళ్లు నేను ఏ కారణమూ లేకుండా వెళ్లిపోయానని రాశారట. చదివితే నాకే అది నిజమేమో అనిపించింది.

పిన్నిగారి గురించి మీరడిగినది నేను పదకొండేళ్లుగా పాఠం చెప్తున్నా ఎప్పుడూ ఆలోచించలేదు. నిన్న క్లాసులో అడిగాను. ఒక అమ్మాయి లేచి "ఆవిడ మాట్లాడితే ఆవిణ్ణీ ఎవరూ పలకరించరు మేడం" అంది.

మీ మోకాలికి ఎండలో నడక మంచిది కాదు.

మీ కోడలు

మే 12

అత్తయ్యగారికి,

మీరు నా కిందటి ఉత్తరానికి జవాబు రాయలేదు. కారణం ఇవాళ తెలిసింది. మీ అబ్బాయి ఇచ్చిన సాక్షుల జాబితాలో మొదటి పేరు మీది. కింద మీ సంతకం ఉంది.

మీరు ఆయనకి తల్లి. ఆయన పక్కన నిలబడితే తప్పు పట్టే హక్కు నాకు లేదు. కాని ఒక మాట ముందుగా చెప్పి ఉంటే, కేసు సంగతులు మీకు రాసేదాన్ని కాదు. లాయరుగారు నన్ను చీవాట్లు పెట్టారు.

ఇక ఉత్తరాలు వద్దు.

జూన్ 19

అత్తయ్యా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను. జరిగింది జరిగినట్టే రాస్తాను.

నిన్న కోర్టు వరండాలో నేను బెంచీ మీద కూర్చున్నాను. మీరు మెట్లెక్కి వస్తుంటే చూశాను. మీరూ నన్ను చూశారు. చెయ్యి ఎత్తబోయారు. నేను లేచి నోటీసు బోర్డు వైపు తిరిగాను. మీ చెప్పుల చప్పుడు నా వెనక ఆగింది. మీరు లోపలికి వెళ్లేదాకా నేను ఆ బోర్డు మీద కాగితం చదువుతూనే ఉన్నాను. అందులో ఏం రాసి ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.

నన్ను లోపలికి పిలవలేదు. గంట తర్వాత లాయరుగారు బయటికి వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఆవిడ చెప్పింది నేను అక్కడికక్కడే రాసుకున్నాను.

ఆయన తరఫు లాయరు "మీ అబ్బాయి కోడల్ని ఎప్పుడైనా తిట్టాడా?" అని అడిగితే, మీరు "లేదండి" అన్నారట.

"చెయ్యి చేసుకున్నాడా?"

"లేదండి."

"మంచి మనిషేనంటారా?"

"బయటివాళ్లందరితోనూ మంచివాడేనండి."

"మరి ఆవిడకొచ్చిన కష్టమేమిటి?"

అప్పుడు మీరు జడ్జిగారి వైపు తిరిగారట. "నూట నలభై రోజులు వాడు ఆ పిల్లతో మాట్లాడలేదండి. వార్డులో చార్టు రాసిన అలవాటు కదా, క్యాలెండర్లో గీతలు పెట్టాను. మంచినీళ్లు కావాలన్నా ఆ పిల్ల పక్కనే ఉండగా, 'అమ్మా, నీళ్లు ఇమ్మను' అని నాతో అనేవాడు. నేను ఆ పిల్లతో 'నీళ్లు ఇవ్వమ్మా' అనేదాన్ని. అలా రోజూ వాడికి నోరు అరువిచ్చాను."

"మీరు కొడుకుని మందలించలేదా?" అని జడ్జిగారు అడిగారట.

"లేదండి. ఆలుమగల మధ్య దూరకపోవడమే మర్యాద అనుకున్నాను. చూసీ చూడనట్టు ఉన్నాను. తప్పు నాది కూడా ఉందని రాసుకోండి."

ఇది వినగానే గేటు దాకా పరిగెత్తాను. మీ కారు వెళ్లిపోయింది.

నేను మీ నుంచి ముఖం తిప్పుకున్నాను, అత్తయ్యా. నాకు అది ఎంత బాగా చేతనయిందో చూస్తే భయమేస్తోంది.

మీ కోడలు

జూన్ 30

అమ్మాయీ,

నువ్వు బోర్డు వైపు తిరగడం నాకు కనిపించింది. బాధ పడలేదని అబద్ధం రాయను. లోపలికి వెళ్లాక బంట్రోతు కుర్చీ వేస్తే అందులో కూలబడ్డాను. నాకు జరిగింది అర నిమిషం. నీకు నూట నలభై రోజులు. ఆ లెక్క మనసులో పడ్డాక లోపల తడుముకోకుండా చెప్పగలిగాను. కాబట్టి దాని గురించి ఇక ఏడవకు.

ముందే నీకెందుకు చెప్పలేదంటావేమో. చెప్పి ఉంటే, కోడలు నేర్పించిన పలుకులు పలికిందని అనేవాళ్లు. ఇద్దరం ఉత్తరాలు రాసుకుంటున్నామని తెలిస్తే అసలు నా మాటకి విలువే ఉండేది కాదు. మావాడు జాబితాలో పేరు రాసి "సంతకం పెట్టమ్మా" అన్నాడు. నేనేం చెప్తానని అడగలేదు. అమ్మ అంటే వాడికి మూల కుర్చీ. పెట్టాను.

ఫిబ్రవరిలో నేను రాసిన ఆ మాట, ఊరుకుంటే పోయేదన్నది, నీకు నీ గురించి అన్నట్టు తగిలింది. నేను రాసింది నా గురించి. మా ఆయనా ఇంతే. ఒకసారి పదకొండు రోజులు, ఒకసారి నెల. నేను పదిమందిలో ఆయన మాట కాదనడం మానేశాను. మా రోజుల్లో దాన్ని అలక అనేవాళ్లం. ఎంత ముద్దుగా ఉందో చూడు ఆ మాట! "మా ఆయన అలిగాడు" అని డ్యూటీ రూములో చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. ఇంట్లో ఆయన అలిగిన రోజుల్లో మావాడు నా పక్కనే కూర్చుని హోంవర్కు చేసుకునేవాడు. వాడు నేర్చుకున్నది ఆ ఇంట్లోనే.

కోర్టు నుంచి కారులో వస్తూ వాడు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాతా అంతే. మూడు రోజులు చూశాను. నాలుగో రోజు పొద్దున వాడికి కంచం పెట్టలేదు. వాడు వచ్చి నిలబడ్డాడు.

"ఇది నా ఇల్లురా. నేను వదిలి వెళ్లేదాన్ని కాను. మాట్లాడే మనిషికి వడ్డిస్తాను. మాట్లాడనివాడికి హోటలుంది. కోపముంటే నోటితో చెప్పు. ఏమన్నా పడతాను" అన్నాను.

వెళ్లిపోయాడు. అయిదు రోజులు బయటే తిన్నాడు. మొన్న ఆదివారం వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి "నువ్వు నన్ను కోర్టులో నలుగురి ముందూ తప్పన్నావు" అన్నాడు. కళ్లల్లో నీళ్లు. యాభైకి దగ్గరపడుతున్న మనిషి, ఆరేళ్లవాడిలా నిలబడ్డాడు. "అవును, అన్నాను. ఇంట్లో అనాల్సింది ముందే అనలేదు. అందుకే అక్కడ అనాల్సి వచ్చింది" అన్నాను. అప్పుడు అరిచాడు. చాలాసేపు అరిచాడు. టైలరమ్మ మిషను ఆపేసి విన్నది. నేను స్టవ్ కట్టేసి, కూర్చుని, మొత్తం విన్నాను. తర్వాత ఇద్దరం తిన్నాం.

అత్తయ్య

ఆగస్టు 24

అత్తయ్యా,

తీర్పు వచ్చింది. విడాకులు మంజూరయ్యాయి. రెండు పేజీల కాగితం. మీరు చెప్పిన మాటల్లో ఒకటి జడ్జిగారు మార్చకుండా అలాగే రాశారు.

సంతోషంగా ఉందా అని హాస్టల్లో అందరూ అడుగుతున్నారు. తేలిగ్గా ఉంది. పదేళ్ల కాపురం రెండు పేజీల్లో పట్టడం చూస్తే కాస్త దిగులుగానూ ఉంది. కాలేజీకి వెళ్లి రెండు క్లాసులు చెప్పి వచ్చాను.

ఒక ఇబ్బంది. ఈ ఉత్తరం మొదట్లో ఆ పిలుపు రాయడానికి చెయ్యి ఆగింది. కాగితం ప్రకారం నేను మీకు ఇప్పుడు ఎవరినీ కాను. సంతకం దగ్గర "మీ కోడలు" అని రాయొచ్చా? మిమ్మల్ని ఏమని పిలవాలి? పెద్దమ్మా అనాలా, అమ్మా అనాలా? మేడం అంటే మీరు పుస్తకం పెట్టి కొడతారు. ఏమనాలో మీరే చెప్పండి.

ఈ ఊళ్లోనే చిన్న ఇల్లు చూసుకున్నాను. రెండు గదులు, మెట్లు లేవు.

ఇంకా పేరు లేని
నేను

సెప్టెంబరు 2

అమ్మాయీ,

ఇంత చదువు చదివావు, ఇది తెలియదా? మా తమ్ముడి కూతురు నన్ను అత్తయ్యా అనే పిలుస్తుంది. అదేమీ నా కొడుకుని చేసుకోలేదు. టైలరమ్మ పిల్లలు పిలుస్తారు. ఆస్పత్రిలో నా చేతుల మీద పుట్టిన పిల్లలు సగం మంది ఇప్పటికీ బజారులో కనపడితే అత్తయ్యా అంటారు. ఆ పిలుపు మావాడు నీకు ఇచ్చింది కాదు, జడ్జిగారు తీసుకోవడానికీ లేదు. అది నాది. ఎవరికి ఇవ్వాలో నా ఇష్టం. సంతకం కింద నీ పేరు పెట్టుకో. ఆడపిల్లకి అంతకంటే ఏం కావాలి?

మావాడు మారిపోయాడని రాయను. మాట్లాడుతున్నాడు, అంతే. కొన్ని రోజులు కష్టపడి మాట్లాడతాడు, వినడానికి నాకే కష్టంగా ఉంటుంది. నిన్న "ఆమె ఎక్కడ ఉంటోంది?" అని అడిగాడు. "నాకు తెలుసు, నీకు చెప్పను" అన్నాను. "సరే" అన్నాడు. తర్వాత చొక్కా ఇస్త్రీ చేసుకోవడానికి వెళ్లాడు.

మీ ఇల్లు చూడాలనుంది. ఈ శనివారం పొద్దున ఏడింటి బస్సుకి బయల్దేరతాను, పదకొండుకల్లా దిగుతాను. రెండు రోజులు ఉంటాను. ఊరికి వెళ్తున్నానని మాత్రం వాడితో చెప్పాను, కారులో బస్టాండు దాకా దింపుతానన్నాడు, నేను వద్దనలేదు. ఆ బస్సు మెట్లు మరీ ఎత్తు. ముందు తలుపు దగ్గర నిలబడు, చెయ్యి అందిస్తే చాలు, దిగిపోతాను.

అత్తయ్య